సరేనండి గారి నోరు

ఆఫీసులో ఆయన్ని అందరూ సరేనండి గారు అనేవాళ్లు. తల్లిదండ్రులు పెట్టిన పేరు మెడలో వేలాడే గుర్తింపు కార్డుకు తప్ప ఇంకెవరికీ పెద్దగా గుర్తులేదు. ఊళ్లో తిరిగే బస్సులకు వేళలు కట్టే ఆఫీసది. ఏ బస్సు ఏ స్టాపుకు ఎప్పుడు చేరాలి, దాని వెనక బస్సు ఎంత ఎడంగా రావాలి, డ్రైవరు ఏ చివర దిగి టీ తాగి కాళ్లు చాపుకోవాలి, ఇవన్నీ అక్కడే తేలతాయి. ఫలానా బస్సును కాస్త ముందుకు జరపమని పైవాళ్లు పొద్దున చెబితే ఆయన సరేనండి అనేవాడు. సాయంత్రం అదే బస్సును మళ్లీ వెనక్కి లాగమంటే అప్పుడూ సరేనండి. కిటికీ పక్క కుర్చీ ఎవరో అడిగితే సరేనండి అని గోడ పక్కకు జరిగాడు. ఎవరో రిటైరైన రోజున నాలుగు ముక్కలు మాట్లాడమని బలవంతాన మైకు ముందు నిలబెడితే, దాన్ని కాసేపు చూసి, "సరేనండి, మరి ఉంటాను" అని దిగిపోయాడు. ఆ రోజు అందరికంటే ఎక్కువ చప్పట్లు ఆయనకే పడ్డాయి.

నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవాళ్లు. ఆయనా అలాగే అనుకున్నాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడి ముందు నిలబడి ఆయన కోరుకునేది ఒక్కటే, ఈ పూట తన వల్ల ఎవరి మనసూ నొచ్చుకోకూడదని. దేవుడికి ఉన్న సవాలక్ష పనుల్లో ఈ బరువు కూడా పూర్తిగా ఆయన నెత్తినే పెట్టడం ఎందుకని, తన వంతు సాయంగా నోరు మూసుకుని ఉండేవాడు. ఫలితం కూడా బాగానే ఉండేది. ఆఫీసులో ఆయనంటే గిట్టనివాళ్లు ఒక్కరు లేరు. పెద్ద హోదా రాలేదు, పెద్ద పేరు రాలేదు, కానీ ఈ మంచిపేరు ఒకటి ఉంది. దాన్ని ఆయన ఇస్త్రీ చొక్కాలా నలగకుండా కాపాడుకుంటూ వచ్చాడు.

అంతలో ఊరంతా జబ్బుకు భయపడి తలుపులు వేసుకున్న కాలం వచ్చింది. ఆఫీసు కూడా ఇళ్లకు వచ్చి పడింది. ముందు గదిలో భార్య బట్టలు మడత పెట్టుకునే బల్ల మీద కంప్యూటరు పెట్టారు. రోజూ పొద్దున పై అధికారి అయిన మేడమ్ మీటింగు పెట్టేది. అందులో ఆమె మాట్లాడుతుంది, ఆమె పేరు పెట్టి పిలిచినవాళ్లు జవాబిస్తారు, మిగతావాళ్లు బొమ్మ కనపడకుండా, గొంతు వినపడకుండా మ్యూట్ నొక్కుకుని కూర్చోవాలి. ఈ ఏర్పాటు సరేనండి గారి కోసమే కనిపెట్టారా అన్నట్టు ఉండేది.

మొదటి మాట ఎప్పుడు జారిందో ఇంట్లో అందరికీ గుర్తే. మేడమ్ ఆ రోజు సమయం ఎంత విలువైనదో చెప్పడానికి చాలా సమయం తీసుకుంది. ఈయన కంప్యూటరు వైపు వంగి, ఏదో పసిపిల్లకు చెప్పినట్టు మెల్లిగా, "అమ్మా, నువ్వు మొదలుపెట్టాక ఆస్పత్రి బస్సు రెండుసార్లు వెళ్లొచ్చింది తల్లీ" అన్నాడు. అని, చప్పున తెర వంక చూశాడు. మైకు బొమ్మ మీద ఎర్రగీత చెక్కుచెదరకుండా ఉంది. మేడమ్ మాట్లాడుతూనే ఉంది. వంటింట్లోంచి మాత్రం భార్య నవ్వు వినిపించింది.

ఆ నవ్వు ఆయన కొంప ముంచింది. మర్నాడు ఇంకో మాట అన్నాడు. ఆ పైవారం నాలుగు. కొన్నాళ్లకు మీటింగు వేళయ్యేసరికి భార్య కుళాయి కట్టేసి గుమ్మంలోకి వచ్చేది. నర్సుగా చేసి రిటైరై కూతురి దగ్గర ఉంటున్న అత్తగారు కుర్చీ లాక్కుని, అల్లికల సంచీ ఒళ్లో పెట్టుకుని, ముందే చోటు చూసుకుని కూర్చునేది. కాలేజీలో చదివే కూతురు, ఎప్పుడూ ఆలస్యంగా లేచే పిల్ల కాస్తా, దీని కోసం పొద్దున్నే లేవడం నేర్చుకుంది. మేడమ్ ఒకటి అంటే ఈయన దానికి ఒకటి అనేవాడు. చెడ్డ మాట ఒక్కటీ లేదు. అమ్మా, తల్లీ, నాయనా అంటూనే అనేవాడు. కానీ ఇరవై ఏళ్లుగా సరేనండి కింద పాతిపెట్టినవన్నీ మొలకలెత్తి బయటికొస్తున్నట్టు ఉండేది. అత్తగారైతే, ఇన్నాళ్లూ అల్లుడు మూగవాడేమోనని లోపల్లోపల బెంగపడ్డానని, ఇప్పుడు నిశ్చింతగా పోతానని అంది. పోలేదు గానీ, మీటింగు లేని రోజు మాత్రం అన్నం సరిగ్గా తినేది కాదు.

ఇలా మూడేళ్లు గడిచాక, అందరూ సోమవారం నుంచి ఆఫీసుకు రావాలని కబురొచ్చింది.

ఆఫీసువాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుని బాధలు చెప్పుకున్నారు. ఒకాయనకు పాంట్లు పట్టడం లేదట. ఒకామెకు లిఫ్టు తలుచుకుంటేనే ఊపిరాడటం లేదట. ఇంకొకాయనకు మధ్యాహ్నం కునుకు తీసే అలవాటైంది, అదెలా మానాలో తెలియడం లేదట. అందరూ చివర్లో, మీకేం సరేనండి గారూ, మీరు ఎక్కడైనా ఇమిడిపోతారు అనేవాళ్లు. ఆయన సరేనండి అని ఫోను పెట్టేసి మంచం మీద వెల్లకిలా పడుకునేవాడు. ఆయన భయం వీళ్లెవరి భయం లాంటిదీ కాదు. తెరిచిన గదిలో, బల్ల చుట్టూ అందరూ ఉండగా, మేడమ్ ఒక మాట అంటుంది. తన నోరు తనను అడక్కుండానే జవాబిస్తుంది. అక్కడ ఎర్రగీత ఉండదు. ఉన్న ఒక్క మంచిపేరూ ఒక్క పూటలో గంగలో కలుస్తుంది.

తిండి సయించడం మానేసింది. అత్తగారు నాడి చూసి, కళ్లు చూసి, ఇది శరీరంలో జబ్బు కాదని తేల్చి వీధి చివర డాక్టరు దగ్గరికి పంపింది. ఆ డాక్టరు మంచివాడు, ఆ మధ్య ఇలాంటివాళ్లను చాలామందినే చూశాడు. ఈయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆఫీసుకు తిరిగి వెళ్లాలంటే దిగులు అందరికీ ఉండేదేనని, దీనికి మందక్కర్లేదని, మనసులో ఉన్నది ఎప్పటికప్పుడు తోటివాళ్లతో పైకి అనేస్తే సగం రోగం తగ్గిపోతుందని చెప్పాడు. ఈయన సరేనండి అని లేచి, జబ్బునే మందుగా రాసిచ్చిన ఆ మంచి మనిషికి చేతులు జోడించి వచ్చేశాడు.

చివరికి ఇంట్లోవాళ్లే నడుం కట్టారు. మిగిలిన వారం రోజులూ ముందు గదిని ఆఫీసు చేశారు. అత్తగారు మేడమ్. ఆ పదవి ఆమెకు ఇవ్వాల్సిన పనిలేకుండా ఆమే తీసుకుంది. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, ఒకప్పుడు ఆస్పత్రి వార్డునంతా గడగడలాడించిన గొంతు సవరించుకుని, ఆ బస్సు ఎందుకు ఆలస్యమైందయ్యా అని గద్దించేది. ఈయన సరేనండి అనాలి, అంతే. మొదటిరోజు ఈయన, "పొద్దున లేవగానే దానికి మోకాళ్లు పట్టేశాయమ్మా, నీకులాగే" అన్నాడు. అత్తగారు మేడమ్ పాత్ర అక్కడికక్కడే వదిలేసి అత్తగారై అలిగి లోపలికి వెళ్లిపోయింది. రెండోరోజు నోట్లో నీళ్లు పోసుకుని కూర్చోమన్నారు. ఆమె నాలుగు మాటలనేసరికి ఈయన మింగేసి జవాబిచ్చాడు. మళ్లీ పోశారు. ఈసారి మింగలేదు, నవ్వొచ్చింది. ఆమె శాలువా ఆరేయాల్సొచ్చింది.

అప్పుడు కూతురికి ఉపాయం తట్టింది. "నాన్నా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గట్టిగా నొక్కిపెట్టు. అదే నీ మ్యూట్ బటన్ అనుకో. నొక్కావంటే నీ గొంతు బయటికి రాదు" అంది.

వింత ఏమిటంటే అది పనిచేసింది. వేళ్లు సరిగ్గా నొక్కానా లేదా అనే ధ్యాసలో పడి ఆయన మాట్లాడటం మర్చిపోయాడు. అత్తగారు ఎంత గద్దించినా, చివరికి పెళ్లినాటి సంగతులు తవ్వి తీసినా, వేళ్లు నొక్కుకుని బొమ్మలా కూర్చున్నాడు. ఆదివారం సాయంత్రానికి ఇల్లంతా తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఆయన కడుపునిండా తిన్నాడు.

సోమవారం బస్సు తప్పిపోవలసిందే. ఆయనే కట్టిన వేళ ప్రకారం అది అప్పటికే స్టాపు దాటి ఉండాలి. ఈయన సంచీ గుండెకు హత్తుకుని పరిగెత్తుతుంటే డ్రైవరు అద్దంలో చూసి ఆపాడు. ఎక్కి ఆయాసపడుతూ నిలబడ్డాక, "మెల్లిగా సార్. ఈ టైము కట్టిన మహానుభావుడెవరో ఎప్పుడూ బస్సు వెనక పరిగెత్తి ఉండడు" అన్నాడు డ్రైవరు. ఆయన సరేనండి అన్నాడు. ఒకావిడ తన పక్క ఖాళీలో పెట్టుకున్న బుట్ట ఒళ్లోకి తీసుకుని చోటిచ్చింది. బయల్దేరేటప్పుడు అడగని దయలు ఇలా రెండు దొరికాయి కదా, ఈ రోజు దేవుడు తన వైపే ఉన్నాడని ఆయన అనుకున్నాడు.

ఆఫీసు కుర్చీల మీద దుమ్ము దులిపి ఉంది గానీ, గోడ మీద మూడేళ్ల కిందటి క్యాలెండరు తీసేవాడు లేక అలాగే ఉంది. అందరూ ఒకరినొకరు చూసి కాస్త ఎక్కువగానే నవ్వారు. ఎవరి జుట్టు ఎంత తెల్లబడిందో చూసి చూడనట్టు చూసుకున్నారు. తర్వాత మేడమ్ పిలిస్తే మీటింగు గదిలోకి వెళ్లారు. పెద్ద బల్ల మధ్యలో తాబేలు లాంటి నల్లటి డబ్బా ఒకటి కొత్తగా వచ్చి కూర్చుంది. ఇంటి నుంచి మాట్లాడేవాళ్ల గొంతు అందులోంచి వస్తుంది. ఆ రోజు అలా ఇంటి దగ్గర ఉన్నది ఒక్క పెద్ద గుమాస్తా గారే. ఆయన భార్య మంచాన పడి చాలాకాలమైంది. పక్కమీద తిప్పాలన్నా, తాగించాలన్నా ఆయనే. ఆ సంగతి తెలిసి మేడమే, ఆయన అడక్కముందే, మీరు ఇంటి నుంచే చేయండి అని అనుమతి ఇచ్చింది. ఆమె అలాంటి పనులు చేసేది. చేసి, ఎవరికీ చెప్పేది కాదు. చెప్పేవి వేరే ఉండేవి.

ఆ రోజు చెప్పినది కొత్తమ్మాయి గురించి. ఉద్యోగంలో చేరి ఎన్నాళ్లో కాలేదు, అందరినీ వట్టి గొంతులుగా కాక ఎదురుగా మనుషులుగా చూడటం ఆ పిల్లకు అదే మొదలు. ఆస్పత్రి దారిలో ఆమె కట్టిన వేళల్లో రెండు బస్సులు ఒకదాని తోక ఒకటి పట్టుకుని వస్తున్నాయి, ఆ తర్వాత చాలాసేపు ఒక్కటీ లేదు. రోగులు ఎండలో నిలబడిపోతున్నారని ఫిర్యాదు వచ్చింది. మేడమ్ ఆ ఫిర్యాదు చదివి వినిపించి, ఈమాత్రం చూసుకోలేనిదానివి ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చావని అడిగింది. అందరి ముందూ అడిగింది. పిల్ల తల బల్లకు ఆనేంత వంగింది.

సరేనండి గారికి నోటిదాకా ఒక మాట వచ్చేసింది. వెంటనే బల్ల కింద వేళ్లు కలిపి గోరు తెల్లబడేలా నొక్కాడు. కూతురు చెప్పినట్టే. కానీ అక్కడే ఆ ఇంటిల్లిపాదీ ఒక పొరపాటు చేశారు. మూడేళ్లుగా ఆయనకు మ్యూట్ అంటే నోరు మూసుకోమని కాదు. ఇక ఎవరికీ వినపడదు, హాయిగా మాట్లాడుకోమని. వేలు నొక్కగానే ఆయనకు ఇంట్లో ఉన్నంత నిబ్బరం వచ్చేసింది. తల వంచుకుని, ముందున్న కాగితాలకు చెప్పినట్టు అన్నాడు.

"ఆ పిల్ల మొన్న వచ్చింది తల్లీ. దానికి నేర్పాల్సింది నువ్వు. నేర్పకుండా నలుగురిలో నిలబెట్టి తిట్టడానికి నీకు నోరెలా వచ్చిందమ్మా?"

మాట గదిలో అందరికీ వినపడింది. ఆయన వేళ్లు వదిలేశాడు. అయిపోయిందనుకున్నాడు.

బల్ల చుట్టూ ఉన్న తలలన్నీ ఒక్కసారి తిరిగాయి, నల్లడబ్బా వైపు.

ఆయన పక్కనే భుజం తగిలేలా కూర్చున్నాయన కూడా డబ్బానే చూశాడు. సరేనండి గారి నోట్లోంచి అలాంటి మాట రావడం కళ్లారా చూసినా నమ్మేవాళ్లు ఆ గదిలో లేరు, అప్పుడు ఎవరూ చూడనైనా లేదు. మేడమ్ ముఖం ఎర్రబడింది. మాట్లాడేవాళ్లు కాస్త మ్యూట్ చేసుకుని మాట్లాడుకోవాలని, ఇంట్లో ఉన్నాం కదా అని నోటికి ఎంతొస్తే అంత అనకూడదని డబ్బాతో అంది. డబ్బాలోంచి పెద్ద గుమాస్తా గారి గొంతు కంగారుగా, అది తాను కాదని, తనది ఇందాకటి నుంచీ మ్యూట్‌లోనే ఉందని చెప్పింది. అలా చెప్పాలంటే ఆయన మ్యూట్ తీయాల్సొచ్చింది. దాంతో చేతికి చిక్కిన దొంగలా అయిపోయాడు.

"నేను మంచికి పోతే నాకిదా?" అంది మేడమ్. "రేపటి నుంచి మీరూ ఆఫీసుకు రండి. అందరితో పాటు."

మీటింగు ముగిసింది. మధ్యాహ్నం అందరూ క్యారేజీలు విప్పుకుని తింటూ దీని గురించే మాట్లాడుకున్నారు. మాట న్యాయమైనదే, ఆ వయసులో ఆ ధైర్యం మెచ్చుకోవాలి అన్నారు. అయినా ఇంట్లో కూర్చుంటే ఎవరికైనా నోరు లేస్తుంది, పాపం ఆయన భార్య గతేమిటో అని కూడా అన్నారు. సరేనండి గారు రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అందరి వంకా చూస్తున్నాడు. ఆయన భయపడ్డదేదీ జరగలేదు. మంచిపేరు మడత నలగకుండా అలాగే ఉంది. ఆ ముక్కను మాత్రం తినకుండానే క్యారేజీలో పెట్టి మూత వేశాడు.

కుర్చీలోకి వచ్చేసరికి బల్ల మీద ఫోను మోగింది. పెద్ద గుమాస్తా గారు.

"నువ్వు ఆ గదిలోనే ఉన్నావుగా నాయనా. అది నా గొంతు కాదని నువ్వైనా ఒక మాట చెప్పు. నాకు కోపం లేదు, ఎవరన్నారో నాకు అక్కర్లేదు. పగలు మా ఆవిడ దగ్గర ఉండటానికి మనిషి దొరకరు. నువ్వు చెబితే మేడమ్ నమ్ముతుంది. పుట్టాక ఒకళ్లని ఒక మాట అననివాడివి నువ్వు."

ఆయన నోటికి అలవాటుగా వచ్చిన మాటే వచ్చింది. "సరేనండి" అన్నాడు.

ఫోను పెట్టి, మేడమ్‌తో ఏమనాలో లెక్క వేసుకున్నాడు. ఆ గొంతు నాకు తెలిసినంతవరకు ఆయనది కాదండీ అని చెప్పి రావచ్చు. అది అబద్ధం కూడా కాదు. మరి ఎవరిది అని ఆమె అడిగితే తెలియదనాలి, అది అబద్ధం. ఇంత సన్నటి దారిలో దేవుడు తనను నడిపించడం ఇదే మొదటిసారి అనుకుని, చొక్కా సర్దుకుని మేడమ్ గది తలుపు తట్టాడు.

ఆమె తల పట్టుకుని కూర్చుని ఉంది. ఈయన్ని చూడగానే ముఖం మెత్తబడింది. కూర్చోమంది. ఈయన నిలబడే, పొద్దున ఆ మాటన్నది పెద్ద గుమాస్తా గారు కాదు, నేనండీ అన్నాడు.

మేడమ్ నిట్టూర్చింది. మీరు చాలా మంచివారండీ అంది. ఆయన భార్య సంగతి తెలిసి, జాలిపడి, తప్పు నెత్తిన వేసుకోవడానికి వచ్చారని, ఈ రోజుల్లో మీలాంటివాళ్లు ఉండటమే గొప్పని, తనకు పొద్దుటి నుంచి మనుషుల మీదే విరక్తి పుట్టింది గానీ మిమ్మల్ని చూశాక తగ్గిందని చెప్పింది. టీ తాగుతారా అని కూడా అడిగింది. ఇన్నేళ్లుగా ఎంతో జాగ్రత్తగా కాపాడుకున్న మంచిపేరు, తీరా ఆయన నిజం చెబుదామని వస్తే, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

లేదండీ, నిజంగా నేనే అన్నాడాయన మళ్లీ.

"సరే, మీరే అయితే ఆ మాట ఇప్పుడు మళ్లీ అనండి చూద్దాం" అంది ఆమె, చిన్నపిల్లవాడితో అన్నట్టు.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "కొత్తగా వచ్చిన అమ్మాయి కదండీ, తమరు కాస్త నేర్పించి, ఆ తర్వాత మందలించి ఉంటే బాగుండేదేమోనని..." అంటూ నీళ్లు నమిలాడు.

మేడమ్ నవ్వేసింది. "చూశారా. మీకు చేతకాదు. వెళ్లి మీ పని చూసుకోండి. రేపు ఆయన వస్తారు, అంతే."

ఆయన గుమ్మం దాకా వెళ్లాడు. అక్కడ ఆగాడు. తలుపు మీద చెయ్యి వేసి, తెరవకుండా, వెనక్కి తిరిగి ఆమె కళ్లలోకి చూశాడు. అన్నేళ్లలో ఆయన ఆమె కళ్లలోకి చూడటం అదే మొదటిసారి, అవి నిద్రలేక వాచి ఉన్నాయని కూడా అప్పుడే తెలిసింది. గొంతు పెంచలేదు. ఇంట్లో ముందు గదిలో కూర్చుని మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఆ పిల్ల మొన్న వచ్చింది తల్లీ. దానికి నేర్పాల్సింది నువ్వు. నేర్పకుండా నలుగురిలో నిలబెట్టి తిట్టడానికి నీకు నోరెలా వచ్చిందమ్మా? తప్పు నాది. ఆ ముసలాయన జోలికి పోకు."

మేడమ్ చేతిలో కలం అలాగే ఆగిపోయింది. గొంతు అదే. తల్లీ అన్న ఒరవడి అదే. కోపం వస్తుందని ఆయన ఎదురుచూశాడు. అది ఎక్కడో దారిలో ఆగినట్టుంది, రాలేదు. ఆమె కలం బల్ల మీద పెట్టి, ఇలా ఎన్నాళ్లుగా అని అడిగింది. మూడేళ్లుగా అని ఆయన చెప్పాడు. మ్యూట్ చేసుకునా అంది. అవునండీ అన్నాడు.

ఆమె ఫోను తీసి, ఆయన ముందే పెద్ద గుమాస్తా గారికి చేసి, మీరు రానక్కర్లేదు, ఎప్పటిలాగే ఇంటి నుంచి చేయండి అంది. పొరపాటు అని గానీ, క్షమించండి అని గానీ అనలేదు. అన్నది తానేనని ఈయన ఒప్పుకున్నాడని మాత్రం చెప్పింది. ఫోను పెట్టి, ఈయన వైపు చూడకుండా, "ఆ అమ్మాయిని మీ పక్కన కూర్చోబెట్టుకుని ఆస్పత్రి రూటు సరిచేయించండి. తలుపు వేసి వెళ్లండి" అంది.

సంగతి సాయంత్రానికల్లా అంతస్తంతా పాకింది. ఎవరు చెప్పారో తెలియదు, గోడలే చెప్పి ఉంటాయి. సరేనండి గారు నీళ్ల దగ్గరికి వెళితే అక్కడ ఉన్నవాళ్లు దాహం తీరినట్టు జరిగిపోయారు. పాంట్లు పట్టని ఆయన దగ్గరికొచ్చి, మీటింగుల్లో తన గురించి ఏమైనా అన్నారా అని నవ్వుతున్నట్టు అడిగి, జవాబు వినకుండా వెళ్లిపోయాడు. లిఫ్టులో ఆయనతో పాటు ఎక్కడానికి నలుగురు మొహమాటపడ్డారు. పొద్దున వాళ్లందరికీ భయపడుతూ వచ్చిన మనిషి, సాయంత్రం వాళ్లందరినీ భయపెడుతూ ఒంటరిగా కిందికి దిగాడు. కొత్తమ్మాయి ఒక్కతే మెట్ల దగ్గర ఆగి, రేపు పొద్దున ఎన్నింటికి రమ్మంటారు సార్ అని అడిగింది. ఇన్నేళ్లలో ఎవరూ ఆయన్ని అలాంటిది అడగలేదు.

బస్సులో కూర్చున్నాక ఫోను మోగింది. పెద్ద గుమాస్తా గారే. కోప్పడతాడనుకున్నాడు. ఆయన కోప్పడలేదు. వెనక ఎక్కడో గిన్నెలో చెంచా కదిలిన చప్పుడైంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెబుతావా?" అన్నాడు. "నా గురించి ఏమనేవాడివి?"

ఈయన కిటికీలోంచి బయటికి చూశాడు. అబద్ధం చెప్పే శక్తి ఆ రోజుకు అయిపోయింది. మొదటి ఏడాది అన్నవి కొన్ని చెప్పాడు, మీ సాగదీత వింటే ఎద్దుబండి కూడా ముందే చేరుతుందని అన్నానన్నాడు. అవతల ముసలాయన చిన్నగా నవ్వాడు.

"తర్వాత్తర్వాత అవి అనలేదు" అన్నాడు ఈయన. "మధ్యలో మీ ఆవిడ దగ్గు వినపడేది. మీరు చప్పున మైకు ఆపేసి లేచి వెళ్లేవారు. మీరు మళ్లీ వచ్చేదాకా నేను అనేది ఒక్కటే. దేవుడా, ఆ తల్లికి ఈ పూట కాస్త తేలిగ్గా ఉండనీ అని. మా అత్తగారు కూడా అల్లిక ఆపి అనేది."

అవతల నుంచి ఏ మాటా రాలేదు. మ్యూట్ నొక్కేశాడేమోనని ఈయన ఫోను చెవికి ఇంకాస్త ఆనించాడు. నొక్కలేదు. ఊపిరి వినపడుతోంది.

"ఆవిడ ఇప్పుడు మెలకువగానే ఉంది" అన్నాడు పెద్ద గుమాస్తా గారు కాసేపటికి. "ఫోను చెవి దగ్గర పెడతాను. ఆ మాట ఆవిడకు వినపడేలా ఒకసారి చెబుతావా?"

బస్సు నిండా జనం ఉన్నారు. ఆయన చుట్టూ చూశాడు, తర్వాత చూడటం మానేసి, గొంతు కాస్త పెంచి మొదలుపెట్టాడు.